గుర్తు ఎవరిదో సరుకు వారిది

జాలరిపేట, విశాఖపట్నం
జూన్ 11, 2001

ప్లాస్టిక్ కవర్లు తనిఖీ చేసే భీమశంకరరావు గారికి,

నా పేరు తెడ్డు నూకాలు. మా ఆయన తెడ్డు అప్పన్న. ఆయన్ని సముద్రం తీసుకుంది. నా వయసెంతో నాకు తెలియదు. విశాఖపట్నం మీద జపాను వాళ్ల బాంబు పడిన ఏడు నాకు పెళ్లయింది, లెక్క మీరే వేసుకోండి. ఇంట్లో ఉండేది నేను, నా కోడలు మహాలక్ష్మమ్మ, దాని ఇద్దరు ఆడపిల్లలు, ఒక మేక. నా కొడుకు కూడా ఉన్నాడు గాని వేటకు పోతే వచ్చేదాకా ఉన్నట్టు కాదు, అందుకని చివర చెప్పాను.

నాకు చదువు లేదు. ఈ ఉత్తరం మా వీధి చివర ఉండే నరసింహమూర్తి గారు రాస్తున్నారు. పోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు, గోదావరి వైపు మనిషి. నేను ‘నువ్వు’ అంటుంటే ఆయన ‘మీరు’ అని రాస్తున్నారు. సరే, రాసుకోనివ్వండి.

అసలు సంగతి. మొన్న గురువారం మీరు జీపులో వచ్చి మా ఎండుచేపల షెడ్డుకు తాళం వేసి, లక్క ముద్ర కొట్టి పోయారు. “ఏటి బాబూ, నానేటి సేసేను?” అని అడిగాను. కవరు మీద గుర్తు లేదన్నారు. “సేపల కవరుకి గుర్తేటి బాబూ? లోపల సేప కనబడతంది కదా!” అన్నాను. మీ జవాను నవ్వాడు. మీరు నవ్వలేదు.

ఆ కవరు నేను చేసింది కాదు. మార్కెట్టులో గవర్రాజు కొట్టులో కొన్నది. గవర్రాజు కొట్టు తెరిచే ఉంది. తాళం మాత్రం నాకు పడింది. ఇదేం న్యాయం అని నేను అడిగితే, “న్యాయం మాట వద్దు నూకాలమ్మా, ‘మనవి’ అని రాస్తానండి” అంటున్నారు మూర్తి గారు. న్యాయం అనే రాయించాను.

ఆ షెడ్డులో ఉన్నది నా ఒక్కదాని సరుకు కాదు. మా పొదుపు సంఘం ఆడవాళ్లందరూ మాఘం నుంచి ఎండబెట్టిన నెత్తళ్లు, కవళ్లు, సావిడాయలు, ఇలా చేపలన్నీ అందులోనే ఉన్నాయి. స్టీలు టౌన్‌షిప్‌లో ఒక స్టోరు వాళ్లు చూసి, బాగున్నాయి, నెలనెలా తెండి, కవర్లలో కట్టి తేవాలి అన్నారు. బుట్ట నెత్తిన పెట్టుకుని గేటు గేటుకీ అరవడం ఈ ఏటితో మానవచ్చు అనుకున్నాం.

ఎండుచేప ఎండిపోయిందిగా, ఇంకేమవుతుంది అనుకోకండి. ముసురు పట్టిందంటే చెమ్మ లాగుతుంది. తెరిపి ఇచ్చినప్పుడల్లా బయట పరిచి గాలి తగలనివ్వాలి. లేకపోతే పురుగు. ఇక్కడ నిన్న సాయంత్రం నుంచి ముసురే.

వచ్చి తాళం తియ్యండి.

నూకాలు వేలిముద్ర


తనిఖీ విభాగం, విశాఖపట్నం
జూన్ 16, 2001

శ్రీమతి తెడ్డు నూకాలు గారికి,

మీ లేఖ అందినది. కుటుంబ వివరములలో మేకను పేర్కొనవలసిన అవసరం లేదు.

నిబంధనల ప్రకారం ప్రతి ప్లాస్టిక్ సంచి మీద తయారీదారు పేరు, బాణములతో కూడిన త్రికోణ చిహ్నము, అది ఏ రకపు ప్లాస్టిక్కో తెలియజేయు అంకె ముద్రించి ఉండవలెను. తిరిగి కరిగించిన ప్లాస్టిక్‌లో ఆహార పదార్థములు కట్టరాదు. మీ షెడ్డులో లభించిన సంచులపై ఎట్టి గుర్తూ లేదు. గుర్తు ఉన్నచో ఆ వస్తువు ఎవరిదో తెలియును, బాధ్యత వారిదగును. గుర్తు లేనిచో బాధ్యత ఎవరి వద్ద దొరికినదో వారిది.

సంచులు కొన్న బిల్లు, గుర్తు గల కొత్త సంచుల నమూనా సమర్పించినచో తాళము తీయు విషయం పరిశీలించబడును. చట్టము తెలియకపోవుట మినహాయింపు కాదు.

జి. భీమశంకరరావు
తనిఖీ అధికారి


జాలరిపేట
జూన్ 20, 2001

భీమశంకరరావు గారికి,

మీ ఉత్తరం మూర్తి గారి చేత మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి కోపం వచ్చింది. మూడోసారికి అర్థమైంది.

ముందు బిల్లు సంగతి. గవర్రాజు దగ్గరకు పోయి అడిగాను. “కవర్లకి బిల్లేటే ముసిలీ? రేపు గాలి పీల్చినందుకు కూడా బిల్లడుగుతావా?” అన్నాడు. “నువ్వు కవర్లు అమ్మేవని ఒక్క ముక్క రాసియ్యరా, నీ నోరు పడిపోదు” అన్నాను. “నానెప్పుడమ్మేను?” అన్నాడు. ఆ మాట అంటూనే పక్కన ఇంకొకామెకు కవర్లు తూచి ఇస్తున్నాడు. వాడికి సిగ్గు లేదు, నాకు బిల్లు లేదు.

ఇక గుర్తు సంగతి. బాబూ, ఇది నువ్వు మాకు నేర్పాలా? (ఇక్కడ మూర్తి గారు ‘మీరు’ అని రాయబోతే చెయ్యి పట్టుకున్నాను.) మా పేటలో గుర్తు లేని తెప్ప లేదు, గుర్తు లేని తెడ్డు లేదు, వలకు కట్టే బెండు కూడా గుర్తు లేకుండా ఉండదు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. మా ఇంటిది రెండు అడ్డగీతలు, నడుమ ఒక చుక్క. చదువు రాకపోయినా ఏ ఇంటి గుర్తు ఏదో పసిపిల్ల కూడా చెబుతుంది. సముద్రం ఎవరి సామాను ఎత్తుకుపోయి ఏ ఒడ్డున పడేసినా, దొరికినవాడు గుర్తు చూసి ఆ ఇంటికి చేర్చాలి. చేర్చినవాడికి ఆ ఇంటివాళ్లు అన్నం పెట్టి పంపాలి. దాచుకున్నవాడిని కులపెద్దలు కూర్చోబెట్టి అడుగుతారు.

మా ఆయన తుపానులో పోయినప్పుడు ఆయన రాలేదు. ఆయన బెండు కొండ అవతల యారాడ ఒడ్డున పడితే అక్కడి పైడయ్య అనేవాడి తండ్రి దాన్ని చంకన పెట్టుకుని కొండ దిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. గుర్తు చూపించాడు. నేను అన్నం పెట్టాను. ఏడుపు తర్వాత ఏడ్చాను.

అందుచేత నీ చట్టం నాకు బాగా అర్థమైంది. గుర్తు ఎవరిదో సరుకు వారిది, బాధ్యత వారిది. మా ఒడ్డు నిండా కవర్లే. వల లాగితే చేపలు పావలా వంతు, కవర్లు ముప్పావలా వంతు. ఇన్నాళ్లూ అవి ఎవరివో తెలియక తన్నుకుంటూ తిరిగాం. ఇప్పుడు ఏరి చూస్తే కొన్నింటి మీద నువ్వు చెప్పిన మూడు బాణాలూ ఉన్నాయి, పక్కన పేరూ ఉంది. ఎక్కువ వాటి మీద ఒకటే పేరు, ‘హరిచందన పాలిమర్స్, సబ్బవరం రోడ్డు’ అని మూర్తి గారు చదివారు. రేపటి నుంచి మా సంఘం ఆడవాళ్లం వాటిని ఏరి, మూటలు కట్టి, ఆ ఇంటికి చేరుస్తాం. నువ్వు వచ్చి మా తాళం తియ్యి.

“ఆయన ఉద్దేశం అది కాదేమోనండీ నూకాలమ్మా” అంటున్నారు మూర్తి గారు. పోర్టులో ఇన్నేళ్లు చేసి గుర్తంటే ఏమిటో తెలియని మనిషి.

నూకాలు వేలిముద్ర


తనిఖీ విభాగం, విశాఖపట్నం
జూన్ 29, 2001

శ్రీమతి నూకాలు గారికి,

సబ్బవరం రోడ్డులోని హరిచందన పాలిమర్స్ యజమాని మీ మీద ఫిర్యాదు దాఖలు చేసినారు. మీరు, మరికొందరు స్త్రీలు 27వ తేదీన ఆటోలలో చెత్త తీసుకొనిపోయి కర్మాగారము గేటు ముందు కుప్ప పోసినారనియు, తొలగించమనగా తొలగించక అచటనే బైఠాయించినారనియు, యజమానిని ‘అన్నం పెట్టు’ అని డిమాండు చేసినారనియు అందులో ఉన్నది.

అమ్మా, అన్నం ఎందుకు అడిగారు?

నేను గుర్తు ఉన్న సంచులను ఎవరికో తిరిగి ఇవ్వమని ఎక్కడ రాశాను? నిబంధన సంచి మీద గుర్తు ఉండాలని మాత్రమే. తిరిగి చేర్చమని నిబంధనలో లేదు. ఎవరూ అలా చెయ్యరు. దేశంలో ఎవరూ చెయ్యలేదు. నా పై అధికారి నన్ను పిలిచి, “ఆ ముసలమ్మకు నువ్వు ఉత్తరం ఏం రాశావయ్యా?” అని అడిగారు. కార్బన్ కాపీ చూపించాల్సి వచ్చింది. మేక వాక్యం చూసి ఆయన చాలాసేపు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మీ షెడ్డు విషయం ఈ ఫిర్యాదు తేలేవరకు పరిశీలించుట వీలుకాదు. దయచేసి ఇంకేమీ ఎక్కడికీ చేర్చవద్దు.

జి. భీమశంకరరావు


జాలరిపేట
జూలై 3, 2001

భీమశంకరరావూ,

ఈసారి అంతా నువ్వనే రాయిస్తున్నాను. మూర్తి గారు కలం కింద పెట్టేశారు. “అయితే మన పేట బడి అనూరాధ చేత రాయించుకుంటాను, టీచరమ్మ కదా” అన్నాను. మళ్లీ తీశారు.

అన్నం ఎందుకడిగానంటావా? వాళ్ల సరుకు వాళ్లకు చేర్చాం కనుక. అంత దూరం ఆటోలో ఆ కంపు మూటల మీద కూర్చుని పోతే మంచినీళ్లైనా ఇవ్వలేదు. గేటు దగ్గర కాపలావాడు అడ్డం వచ్చాడు.

“ఏటిది? ఎవుర్ని అడిగి తెచ్చేరు?”

“మీ సరుకే బాబూ. సముద్రంలో పారేసుకున్నారు. తెచ్చేం, దింపుకో” అన్నాను.

“మాదేటి? ఇది సెత్త!”

“సెత్తో, లచ్చిందేవో, నీ పేరుంది. సూడు, సదువుకున్నోడివి కదా! ఇదిగో బాణాలు, ఇదిగో పేరు.”

వాడు చదివాడు. చదివి లోపలికి పరుగెత్తాడు. యజమాని వచ్చాడు, తెల్ల చొక్కా, ముక్కుకు రుమాలు. “అమ్మా, అమ్మేశాక అది మాది కాదండీ” అన్నాడు.

“మరి పేరెందుకేసుకున్నావు?” అంది మా మహాలక్ష్మమ్మ.

“గవర్నమెంటు వెయ్యమంది.”

“గవర్నమెంటు పెల్లి సేసుకోమంటే సేసుకుని, పిల్లలు పుట్టేక నాకు సంబంధం లేదంటావేటి?” అంది. అందరం నవ్వాం. ఆయన గేటు వేసుకున్నాడు. సరే, అన్నం పెట్టే దాకా కదలం అని ప్రహరీ గోడ నీడన కూర్చున్నాం.

నీడ జరిగినకొద్దీ మేమూ జరిగాం. అలా జరిగి జరిగి వెనక వైపుకు వచ్చాం. బాబూ, అక్కడ ఇంకో గేటుంది. ఆ గేటులోంచి ఆటోలోకి కవర్ల కట్టలు ఎక్కిస్తున్నారు. ఆటోలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నది ఎవరనుకున్నావు? గవర్రాజు! నన్ను చూసి కాలు దించాడు.

“ఏరా, కవర్లు అమ్మనన్నావు, ఇయ్యేటి? అరటాకులా?” అన్నాను. కట్ట ఒకటి లాగి చూశాను. బాణాలు లేవు, పేరు లేదు, ఏమీ లేదు. నువ్వు మా షెడ్డులో పట్టుకున్న కవరే. అదే మసక రంగు, అదే కిరసనాయిలు కంపు. ఎక్కించే కుర్రవాడిని అడిగితే, “గుర్తేసినియ్యి ముందు గేటు సరుకు మామ్మా. గుర్తు లేనియ్యి రేటు తక్కువ. మార్కెట్టంతా ఇయ్యే” అన్నాడు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ ఫ్యాక్టరీ నీ తనిఖీ కిందదే కదా? నువ్వు వెళ్లినప్పుడు ముందు గేటు నుంచి వెళ్లావా, వెనక గేటు నుంచి వెళ్లావా?

కవరు మీద గుర్తు లేకపోతే బాధ్యత దొరికినవాడిది అని రాశావు. అంటే చేసినవాడు గుర్తు వేస్తే మంచివాడు, వెయ్యకపోతే ఇంకా మంచివాడు. తాళం ఎటు తిరిగినా నాకే. ఇది చట్టమా, సుడిగుండమా?

షెడ్డు తలుపు సందులో ముక్కు పెట్టి చూశాను. వాసన మారింది. ఎండుచేప వాసన నీకు కంపు కావచ్చు, అది బాగున్న కంపు. ఇది వేరు. స్టోరు వాళ్లు ఈ నెలాఖరు దాకా చూస్తామన్నారు.

నూకాలు వేలిముద్ర. గట్టిగా వేశాను, కాగితం చిరిగితే నా తప్పు కాదు.


సీతమ్మధార, విశాఖపట్నం
జూలై 6, 2001

నూకాలమ్మ గారికి నమస్కారం.

ఇది ఇంటి దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఆఫీసు కాగితం కాదు, నంబరు లేదు, కార్బన్ కాపీ లేదు.

ముందు గేటు నుంచే వెళ్లాను. కర్మాగారాలకు వెళ్లేటప్పుడు ముందు రోజు కబురు పెట్టడం మా పద్ధతి. టీ ఇచ్చారు. గుర్తు వేసే యంత్రం చూపించారు. బాగుందని రాసి వచ్చాను. మీ షెడ్డుకు వచ్చేటప్పుడు ఎవరం కబురు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మా ఆవిడ అడిగింది. మీ ఉత్తరం బల్ల మీద ఉంటే చదివిందిలెండి.

నిబంధనలు మళ్లీ చదివాను. నేరం కవరుది, చేపది కాదు. కవర్లు స్వాధీనం చేసుకుని సరుకు మీకు వదలవలసింది. ఆ రోజు షెడ్డంతటికీ తాళం వేయడం నా తొందర. సోమవారం పొద్దున్నే వచ్చి ముద్ర పగలగొడతాను. పై అధికారికి చెప్పే ఉంచాను.

ఇక ఆ ఫ్యాక్టరీ. మీరు చూసింది మీరు చూశారు, నేను చూడలేదు. కబురు పెట్టకుండా వెనక గేటుకు వెళ్లాలంటే నా చేతిలో రాతపూర్వకమైన వాంగ్మూలం ఉండాలి, సాక్షులతో. అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు, ఎందుకంటే ఇంకో సంగతి మీకు చెప్పకుండా అడగలేను. మీ చేపలు తీసుకుంటామన్న టౌన్‌షిప్ స్టోరుకు సంచులు ఇచ్చేది ఆ ఫ్యాక్టరీ యజమానే. వాళ్లూ వాళ్లూ స్నేహితులు. మీరు వేలిముద్ర వేస్తే ఆ బేరం పోవచ్చు. వెయ్యకపోతే మీ మీద ఆయన పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటున్నాడు. ఆ కబురు నా ద్వారానే పంపాడు. పంపినట్టు మీకు చెప్పడం నా ధర్మం.

సంఘంలో అందరితో ఆలోచించుకోండి.

మీరు అడగలేదు గాని, ఆ మూడు బాణాలకు అర్థం ఒకటుంది. వాడి పారేసిన వస్తువు పోదు, కరిగి మళ్లీ వస్తువుగా తిరిగి వస్తుంది అని.

భీమశంకరరావు


జాలరిపేట, విశాఖపట్నం
జూలై 30, 2001

తనిఖీ విభాగం పై అధికారి గారికి, తెడ్డు నూకాలు చెప్పి రాయించిన వాంగ్మూలం.

నేనెవరో తమకు తెలుసు. మేక ఉన్న ముసలమ్మను.

భీమశంకరరావు గారు చెప్పిన సోమవారమే వచ్చి తాళం తీశారు. తలుపు తెరవగానే ఆయన రెండడుగులు వెనక్కి వేశారు, మేము లోపలికి వెళ్లాం. నెత్తళ్లు బతికాయి. సావిడాయలు సగం బతికాయి. కవళ్లు పోయాయి. పురుగు పట్టిన కవళ్లను గొయ్యి తీసి కొబ్బరి మొక్కల మొదట్లో పూడ్చాం. ఆ గొయ్యి దగ్గర మా ఆడవాళ్లు ఆయన్ని అన్న మాటలు ఇక్కడ రాయించను. ఆయన నిలబడి విన్నారు. విన్నవాడిని మళ్లీ మళ్లీ అనకూడదు.

వేలిముద్ర వెయ్యాలా వద్దా అని సంఘంలో మూడు రోజులు కొట్టుకున్నాం. “అత్తా, స్టోరు బేరం పోతే మల్లీ బుట్ట నెత్తికెక్కుద్ది” అంది మహాలక్ష్మమ్మ. దాని మాట అబద్ధం కాదు, దాని మెడ నొప్పి నాకు తెలుసు. “ఒలే, రేపు ఇంకో ఆఫీసరు వత్తాడు. మల్లీ గుర్తు లేని కవరే దొరుకుద్ది. మల్లీ తాళం మనకే. ఎన్నిసార్లు గొయ్యి తీత్తావే?” అన్నాను. అది పొద్దున్న లేచి, “ఎయ్యి. నీకు ముందు నానేత్తాను” అంది.

స్టోరు వాళ్లకు ఎవరు చెప్పారో గాని, గొడవల మనుషులతో మాకు పని లేదని కబురు పెట్టేశారు. మంచిది. ఇప్పుడు మేము టౌన్‌షిప్ గేటు బయట బుట్టలతో కూర్చుంటున్నాం. కొనేవాళ్లు కొంటున్నారు.

కొత్త కవర్లు కొన్నాం. తెల్లవి, కంపు లేనివి, బాణాలున్నవి. ఆ బాణాల బొమ్మను నేను బాగా చూశాను. ఒకదాని తోక వెంట ఒకటి తిరుగుతున్నాయి. తిరిగి వస్తుందని అర్థమట. ఎవరింటికి తిరిగి వస్తుందో బొమ్మలో లేదు. అదే అయ్యా మీ చట్టంలో చిల్లు. ఆ చిల్లులోంచే కవర్లన్నీ మా వలలోకి వచ్చి పడుతున్నాయి.

అందుకని మేం ఒక పని చేశాం. కవరు మూతి కొవ్వొత్తి మంట మీద అతికించే చోట, కాల్చిన తీగతో మా గుర్తు వేస్తున్నాం. రెండు గీతలు, నడుమ చుక్క. ఈ గుర్తున్న కవరు ఎక్కడ దొరికినా మాకు తెస్తే మేం తీసుకుంటాం, కాదనం అని కొన్నవాళ్లందరికీ చెబుతున్నాం. కొందరు నవ్వుతున్నారు.

నిన్న మధ్యాహ్నం యారాడ నుంచి పైడయ్య వచ్చాడు. అప్పట్లో మా ఆయన బెండు పట్టుకుని వాళ్ల నాన్న నిలబడిన గుమ్మంలోనే నిలబడ్డాడు. అప్పటికి నా కొడుకు వేట మీద ఉన్నాడు. “కంగారు పడకే నూకాలత్తా, మనిసి కాదు” అంటూ పంచె మడతలోంచి ఒక ఖాళీ కవరు తీశాడు. ఉప్పుకు తెల్లబడిపోయి ఉంది. మూతి దగ్గర రెండు గీతలు, నడుమ చుక్క. ఒడ్డున దొరికిందట. దాని కోసం కొండ దిగి వచ్చాడు.

అన్నం పెట్టాను. నెత్తళ్ల పులుసు చేశాను. రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాడు.

కనుక నేను ప్రమాణంగా చెప్పేది ఇది. మా షెడ్డులో దొరికిన గుర్తు లేని కవర్లు గవర్రాజు కొట్టులో కొన్నవి. అలాంటివే హరిచందన పాలిమర్స్ వెనక గేటులోంచి గవర్రాజు ఆటోలోకి ఎక్కుతుండగా నా కళ్లతో చూశాను, ఈ చేతులతో కట్ట లాగి చూశాను. తమరు కబురు పెట్టకుండా వెళ్లండి. వెనక గేటుకు వెళ్లండి.

ముందు గేటు దగ్గర మేం దింపిన మూటలు వానకు తడుస్తూ ఇంకా అక్కడే ఉన్నాయట. ఆయన మాకు అన్నం పెట్టనక్కరలేదు. గేటు తీసి, తన సరుకు తను లోపలికి తీసుకోమనండి.

వేలిముద్ర ఎవరిదైనా ఒకలాగే కనబడుతుంది కనుక ఈసారి నా ఇంటి గుర్తు వేస్తున్నాను.

రెండు అడ్డగీతలు, నడుమ చుక్క
(తెడ్డు నూకాలు స్వయంగా గీసిన గుర్తు)

సాక్షులు:
తెడ్డు మహాలక్ష్మమ్మ, జాలరిపేట (వేలిముద్ర)
పైడయ్య, యారాడ (ఆయన ఇంటి గుర్తు: చేప ముల్లు)
నరసింహమూర్తి, ఈ కాగితం రాసినవాడు. ఆమె చెప్పినది చెప్పినట్టే రాశాను.
జి. భీమశంకరరావు, సీతమ్మధార. షెడ్డులో కవర్లు పట్టుకున్నది నేనే. వాటి మీద ఏ గుర్తూ లేదు.